నేను చూడని తొట్టి

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉన్న నీళ్ల తొట్టి దగ్గరికి, దాని గురించి రాసేనాటికి, నేను వెళ్లనే లేదు. వెళ్లి చూసినట్టు మాత్రం రాశాను.

మార్కాపురంలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో దరఖాస్తులు టైపు చేయడం నా ఉద్యోగం. మూడేళ్ల కిందట, తీరిక దొరికినప్పుడల్లా, ఇంటర్నెట్‌లో అందరూ కలిసి ఉచితంగా గీసే ఒక మ్యాప్‌లో పని మొదలుపెట్టాను. అక్కడ ముఖం చూపించక్కర్లేదు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే వెనకాడే నాకు అది సరిపోయింది. ఉపగ్రహం తీసిన ఫోటో చూస్తూ బావి, బడి, బండ్లబాట ఒక్కొక్కటే గుర్తు పెట్టేదాన్ని. ప్రతి గుర్తుకూ సోర్స్ రాయాలి, అంటే ఆ సంగతి మనకెలా తెలిసిందో. ఫోటోలో చూస్తే ‘ఇమేజరీ’, స్వయంగా వెళ్లి చూస్తే ‘సర్వే’. నీళ్లున్నాయని రాయాలంటే సర్వే ఉండాల్సిందే. సర్వే అని ఉన్నదాన్ని చూడనివాళ్లు చెరపకూడదన్నది మా బృందంలో మర్యాద.

ఆ తొట్టి ఫోటోలో పొడుగ్గా, మధ్యలో నల్లటి చారతో కనిపించింది. నీళ్లనుకున్నాను. వెళ్లి అడుగుదామంటే తెలియని ఊరు, తెలియని మనుషులు. సర్వే అని రాసేశాను.

తర్వాత బి.ఇడి. చదువు మీద పడి పది నెలలు అటు చూడలేదు. నిరుడు వేసవిలో మళ్లీ లాగిన్ అయితే నాకు మూడు సందేశాలున్నాయి. మూడూ మా బృందానికి పెద్ద, గిద్దలూరులో రిటైరైన మాస్టారివి.

“ఆ తొట్టిలో ఇప్పటికీ నీళ్లుంటున్నాయా అమ్మా?”

“గొర్రెల కాపరులకు పంచడానికి నీళ్లున్న చోట్లన్నీ కాగితం మీద అచ్చు వేయిస్తున్నాను. ఆ తొట్టి మీద నాకు అనుమానమే. నువ్వు చూసొచ్చినావు గదా అని ఉంచినాను.”

మూడోది నాలుగు రోజుల కిందటిది. “అక్కడ ఎవరివో గొర్రెలు పోయినాయంట. వీలైతే ఒకసారి పోయి చూడమ్మా.”

ఆదివారం బస్సెక్కాను. బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. తొట్టి పక్కన తుమ్మచెట్టు నీడలో భార్యాభర్తలు కూర్చుని ఉన్నారు. చుట్టూ గొర్రెలు పడుకుని ఉన్నాయి.

“ఎవురమ్మా నువ్వు? గొర్రెల లెక్క రాసుకోను వచ్చినావా?” అని ఆమె అడిగింది. ఆమె పేరు ఓబులమ్మ.

“లేదవ్వా, తొట్టి చూద్దామని.”

“తొట్టి చూడను బస్సెక్కి వచ్చినావా!” నవ్వింది. “సరే, రాసుకో. ముప్పై గొర్రెలు, ఒక ముసలోడు.”

“చూసినావా పాపా, నేను గొర్రెల తర్వాతే,” అన్నాడాయన.

తొట్టిలోకి తొంగిచూశాను. పగుళ్లు, ఎండుటాకులు. నేను నీళ్లనుకున్న నల్లటి చార తొట్టి గోడ నీడ.

“ఇందులో నీళ్లు ఎప్పుడు ఎండిపోయినాయి అవ్వా?”

“ఎండేదానికి ఉంటే గదా! బోరు ఏసినారంట, పడలా. తొట్టి మాత్రం కట్టి పోయినారు. మాది బేస్తవారిపేట దిక్కు, మాకేం తెలుసు? కాగితంలో ఉందని ఇటు తోలుకొచ్చినాం. కాగితం ఉంది గదా అని దోవలో ఎవుర్నీ అడగలా. నాలుగు సూడి గొర్రెలు ఈడనే పడిపోయినాయి. ఈ ఊరోళ్లు దినామూ కొళాయి నీళ్లు పోస్తాండారు గాబట్టి ఇయ్యన్నా మిగిలినాయి.”

“ఆ కాగితంలో...” అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఎండకు తాళలేకున్నాననుకుని ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. తాగాను.

ఇంటికొచ్చి ఆ గుర్తు చెరిపేశాను. సోర్స్ దగ్గర మళ్లీ సర్వే అనే రాశాను. ఈసారి అది నిజం. “శ్రమపడి చూసొచ్చినావు, సంతోషం తల్లీ,” అని మాస్టారు రాశారు. నేను మొదటిసారి చూసొచ్చాక నీళ్లు ఎండిపోయాయనే ఆయన అనుకుంటున్నారు.

మ్యాప్ ఖాళీగా ఉంటే మనిషి దారిలో ఇంకో మనిషిని అడుగుతాడు. రాసి ఉంటే అడగడు. అడగలేని నేను రాసినదాన్ని నమ్మి వాళ్లూ అడగలేదు. నేను సర్వే అని రాసినవి ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఏవి చూశానో, ఏవి చూడలేదో నాకే గుర్తు లేదు. ఒక్కొక్కటే తెరుస్తాను, మూసేస్తాను.

ఆ రోజు నేను బయలుదేరుతుంటే ఓబులమ్మ బాట దాకా వచ్చింది.

“నువ్వన్నా ఇంత దూరం వచ్చి చూసినావు తల్లీ. ఆ రాసినోడు యాడన్నా కనపడితే చెప్పు. తిట్టంలే, ఒక్కసారి వచ్చి చూసి పొమ్మను.”