చెరిపే బ్రెడ్

బ్రెడ్ ప్యాకెట్ విప్పినప్పుడల్లా బెడోక్‌లోని మా డ్రాయింగ్ ఆంటీ గుర్తొస్తారు. పాఠం చెబుతున్నంతసేపూ ఆవిడ పక్కన బ్రెడ్ ఉండాల్సిందే. తినడానికి కాదు, బొగ్గుతో గీసిన గీతల్ని అద్ది చెరపడానికి. లండన్‌లో బొమ్మలు నేర్చుకున్నప్పుడు అబ్బిన అలవాటు. అక్కడి పాత అకాడమీల్లో అందరూ అలాగే చెరిపేవారట.

శనివారాలు ఆవిడ ఫ్లాట్‌కి వెళ్లేదాన్ని. నెలల తరబడి నాచేత ప్లాస్టర్‌తో పోతపోసిన ఒక్క పాదం బొమ్మనే గీయించారు. గీసిన ప్రతిసారీ బ్రెడ్ వచ్చి దానిమీద వాలేది.

"మనిషిని ఎప్పుడు గీయనిస్తారాంటీ?" అన్నాను ఒకరోజు ఉక్రోషంగా.

"ఒకప్పుడు లండన్‌లో ఆడపిల్లల్ని ప్లాస్టర్ దగ్గరే ఆపేసేవాళ్లమ్మా. మనిషిని చూసి గీసే క్లాసు మగాళ్లకే. నేను నిన్ను ఆపన్లే. ముందు చెయ్యి కుదరనీ."

తర్వాత ఒక శనివారం ఆవిడ ప్లాస్టర్ పాదాన్ని బీరువాలో పెట్టేసి, తన కాలే స్టూలు మీద చాపారు. వాచిన మడమ, వంకరపోయిన బొటనవేలు, పగుళ్లు.

"ఊఁ, గియ్యి."

గీశాను. ఆంటీ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆవిడ చెయ్యి బ్రెడ్ వైపు వెళ్లింది. ఒక ముక్క తుంచి కాగితం మీదికి వంగారు. ఏమనుకున్నారో, మళ్లీ వెనక్కి జారబడి, ఆ ముక్కను నోట్లో వేసుకుని తాపీగా నమిలారు.

"వెళ్లి కాఫీ కలుపుకురా," అన్నారు. "మిగతా బ్రెడ్ నువ్వు తిందువుగాని."