కప్తాన్ తెచ్చిన బాతులు

ఆ రోజుల్లో గల్ఫుకు పోయినవాడెవడూ ఊరికి రాసే ఉత్తరంలో తన ఉద్యోగాన్ని ఉన్నదున్నట్టు రాసేవాడు కాదు. ఇసుక తట్టలు మోసేవాడు మిషన్ ఆపరేటర్ అయ్యేవాడు, గిన్నెలు కడిగేవాడు క్యాంపు మేనేజర్ అయ్యేవాడు. ఉత్తరం చదివిపెట్టే పోస్ట్‌మ్యాన్ ముందు అమ్మకు తల ఎత్తుకునే వీలుండాలి కదా! నేనూ అంతే. రైసూత్‌లో రేవు పనులు చేసే కంపెనీలో సర్వే కర్రను నిటారుగా పట్టుకొని నిలబడే హెల్పర్‌గా చేరి, ‘ఇంజనీరు సాబుకు కుడిభుజం లెక్క ఉన్న’ అని రాశాను. సాబుకు కుడివైపున నిలబడ్డ రోజులు కూడా ఉన్నాయి కాబట్టి అది పూర్తిగా అబద్ధం కాదని నా ధైర్యం. అయితే ఒక చలికాలం పొడవునా శుక్రవారాల్లో నేను చేసిన రెండో ఉద్యోగం గురించి మాత్రం ఉత్తరాల్లోనే కాదు, ఇంతవరకు ఇంట్లో కూడా చెప్పలేదు. నేను ఒక కుక్క దగ్గర అసిస్టెంటుగా పనిచేశాను.

డెబ్బైల నడుమ, సలాలా వైపు తిరుగుబాటు గొడవలన్నీ సద్దుమణిగి, పక్కనే ఉన్న రైసూత్‌లో రేవు పనులు జోరందుకున్న కాలమది. నాకు ఇరవై నిండాయో లేదో. మా ఇంజనీరు సాబు యాభై అయిదు దాటిన ఇంగ్లీషాయన. పెళ్ళాం పిల్లలు లేరు. వయసులో ఉన్నప్పుడు కలకత్తాలో వంతెనలు కట్టాడట, అక్కడ నేర్చుకున్న హిందీనే మాతోనూ మాట్లాడేవాడు. ఆ హిందీకి, నా హిందీకి మధ్య ఏ వ్యాకరణమూ అడ్డు వచ్చేది కాదు గనుక మా ఇద్దరికీ బాగా పొసిగింది. నవంబరులో ఒకరోజు ఆయన నన్ను పిలిచి “తైర్నా ఆతా?” అన్నాడు. ఈత వచ్చా అని. మా ఊరి కాలువలో బర్రె తోక పట్టుకొని నేర్చిన ఈత నాది, రొమ్ము విరిచి “ఆతా సాబ్!” అన్నాను. అయితే శుక్రవారం తెల్లవారగానే బాతుల వేటకు రమ్మన్నాడు. క్యాంపుకు కాస్త దూరంలో సముద్రపు పాయ ఒకటి ఇసుకమేట వెనక చిక్కుకొని పెద్ద మడుగులా నిలిచి ఉండేది. అక్కడివాళ్ళు దాన్ని ఖోర్ అంటారు. చుట్టూ మనిషెత్తు తుంగ. చలికాలం వస్తే చాలు, అడవి బాతులు గుంపులు గుంపులుగా అక్కడ దిగేవి. తుంగలో నడుంలోతు నీళ్ళలోకి దిగి, ఖాళీ నూనె డబ్బాను కర్రతో వాయించి వాటిని లేపడం నా పని. లేచినవాటిని కాల్చడం సాబు పని. పడ్డవాటిని నోట కరిచి తేవడం కప్తాన్ పని.

కప్తాన్ అంటే సాబు కుక్క. (అసలు పేరు కెప్టెన్. మా క్యాంపులో దానికి కప్తాన్ అన్న పేరే నిలిచింది.) నల్లటి ఒళ్ళు, తెల్లబడ్డ మూతి, ఇంత తలకాయ. ఈత వచ్చా అని అడిగిన సాబు, కుక్కలంటే భయమా అని అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక కుక్క పిక్క పట్టుకుంటే, జిల్లా ఆస్పత్రిలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచారు. అప్పటినుంచీ కుక్క దూరంగా మొరిగినా నా చెయ్యి బొడ్డు మీదికే పోయేది. అలాంటి నన్ను జీపు వెనక భాగంలో ఆ కప్తాన్‌తో ఎక్కించాడు. మొదటి రెండు శుక్రవారాలు అది ఒక మూల, నేను ఒక మూల. చెయ్యి మాత్రం బొడ్డు మీద.

మూడో శుక్రవారం తిరిగి వస్తుంటే, తడిసిన కప్తాన్ చలికి వణుకుతూ మెల్లగా నా మూలకు వచ్చి, నా ఎడమ పాదం మీద గదవ ఆనించి కళ్ళు మూసుకుంది. కదిలితే కరుస్తుందేమోనని నేను శిలలా కూర్చున్నాను. క్యాంపు వచ్చేసరికి కాలు మొత్తం తిమ్మిరెక్కి, జీపు దిగబోయి బొక్కబోర్లా పడ్డాను. నవ్విన వాళ్ళందరితో కలిసి నేనూ నవ్వాను గానీ, ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి తట్టింది. ఇల్లు విడిచి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో నన్ను ప్రేమగా ముట్టుకున్న ప్రాణి అదొక్కటే. ఆ మాట అనుకోగానే ఏడుపొచ్చింది, దుప్పటి ముసుగు పెట్టుకొని ఏడ్చాను. మరుసటి శుక్రవారం జీపెక్కగానే నేనే వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను.

ఆ రోజే చిక్కు వచ్చిపడింది. సాబు కాల్చిన బాతు మడుగు నడుమ తేలుతూ అందరికీ కనిపిస్తోంది, ఒక్క కప్తాన్‌కు తప్ప. పాపం, అది దాని చుట్టూ రెండుసార్లు ఈదింది, గాలిలో ముక్కు ఎత్తింది, వెతికింది. చివరికి ఖాళీ నోటితో ఒడ్డుకొచ్చి, తప్పు చేసినదానిలా తల వంచుకొని నిలబడింది. దాని కళ్ళలో పాలపొర లాంటిది కమ్మి ఉండటం అప్పుడు చూశాను. సాబు ఇసుకలో కూలబడ్డాడు. తన హిందీలో నాతో అన్నాడు: ఏప్రిల్‌లో ఇంటికి పోతున్నాడట. పిట్టను తేలేని వేటకుక్కను ఉంచుకోవడం వాళ్ళ ఇంటా వంటా లేదట, వాళ్ళ నాన్న పద్ధతి అది. ఫిబ్రవరి ఆఖరు దాకా చూస్తాడట. “ఉస్ కే బాద్... మై ఖుద్” అని తుపాకీ వైపు చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత తనే ఆ పని చేస్తానని ఆయన భావం. చెబుతూనే కప్తాన్ చెవి వెనక గోకుతున్నాడు.

వారమంతా సర్వే కర్ర పట్టుకొని ఎండలో నిలబడి ఆలోచించాను. (ఆ వారం కొలతలన్నీ వంకర వచ్చాయని సూపర్‌వైజర్ తిట్టాడు.) బాతు దొరికితే చాలు, కప్తాన్ బతుకుతుంది. బాతు ఎక్కడ పడిందీ నాకు కనిపిస్తుంది. నేనేమో ఎలాగూ నీళ్ళలోనే ఉంటాను. మా రూములో పెద్ద దిక్కు సిరిసిల్ల మామ, ఆఫీసర్ల మెస్‌లో వంట చేసేవాడు. ఆయనకొక్కడికే నా ఉపాయం చెప్పాను. ఆయన గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

“కుక్క నోట్లె బాతు వెడ్తవా? నీ నోట్లె ఎవడన్న బువ్వ వెడ్తుండారా ఈడ?”

“అది సచ్చిపోతది మామా.”

“సాబుకు ఎరుకైతే నీ వీసా గూడ సచ్చిపోతది. కొడుకు మొనగాడని మీ అమ్మ సంబురపడుతుంటే, నువ్వు కుక్క కోసం కొల్వు పోగొట్టుకొని ఇంటికి వోతవా?” అని కసిరాడు. కసిరి, ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టాడు. తర్వాత తల ఎత్తకుండానే “ముడ్డి తడుస్తది, సలి. లోపల ఇంకో బనీను ఏస్కో” అన్నాడు.

శుక్రవారం తుపాకీ పేలగానే డబ్బా పారేసి తుంగలో మొసలిలా పాకాను. బాతును అందుకొని, కప్తాన్ ఈదుకుంటూ వచ్చే దారిలో కాచుకున్నాను. సాబైతే దానితో ‘ఫెచ్’ అంటాడు, పట్టుకురా అని. నేను అలా అరిస్తే దొరికిపోతాను గనుక గుసగుసగా “దా బిడ్డా, దా దా” అన్నాను. అచ్చ తెలుగు అది వినడం అదే మొదలు, అయినా వచ్చింది. నోటికి అందిస్తే ముఖం తిప్పుకుంది. తాను పట్టని పిట్టను మోయడానికి పౌరుషం అడ్డొచ్చినట్టుంది. “జర నా కోసం తీస్కో నాయినా” అని గడ్డం పట్టుకొని బతిమాలాను. చివరికి పళ్ళు కూడా దిగకుండా పువ్వును పట్టినట్టు పట్టుకొని ఒడ్డుకు తీసుకుపోయింది. అవతల సాబు “గుడ్ బాయ్! గుడ్ బాయ్!” అంటూ చిన్నపిల్లాడిలా గంతులేయడం తుంగ సందుల్లోంచి చూశాను. గొంతు దాకా బురదలో ఉండి కూడా అంత సంతోషం నేను ఎరగను.

అలా డిసెంబరు గడిచింది, జనవరి గడిచింది. అసిస్టెంటు దొరికిన ఆఫీసరు ఎలా తయారవుతాడో కప్తాన్ కూడా అలాగే తయారైంది. పోనుపోను వెతకడమే మానేసింది. తుపాకీ పేలగానే ఠీవిగా ఈదుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చి, ‘ఏదీ, తెచ్చావా?’ అన్నట్టు తుంగ దుబ్బు మీద కూర్చునేది. ఆలస్యమైతే చిన్నగా గుర్రుమనేది కూడా! ఒకసారి ఒంటెలు మేపుకునే ముసలాయన అవతలి గట్టు మీద నిలబడి, నేను కుక్క నోట్లో బాతు పెట్టడం కళ్ళారా చూశాడు. కర్ర మీద వాలి పొట్ట పట్టుకొని నవ్వి, “మజ్నూన్!” అన్నాడు. పిచ్చోడా అని. ఆ తర్వాత నేను ఎక్కడ కనిపించినా రెండు ఖర్జూరాలు చేతిలో పెట్టేవాడు, పిచ్చివాళ్ళకు పెడితే పుణ్యమనుకున్నాడేమో.

నన్ను దెబ్బతీసింది నా ముందుచూపు. ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున సాబు ఒక్క దెబ్బకు ఆకుపచ్చ తల ఉన్న పెద్ద బాతులు రెండింటిని పడగొట్టాడు. తన దెబ్బ ఒకదానికే తగిలిందనుకున్నాడు. కప్తాన్‌కు ఒకటి ఇచ్చి, రెండోదాన్ని అవసరానికి ఉంటుందని తుంగ మొదట్లో నాచు కింద దాచాను. రెండు గంటల తర్వాత మళ్ళీ తుపాకీ పేలింది. నా ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. నేను ఎంత వెతికినా బాతు లేదు. ఎక్కడో లోతులో పడి ఉంటుంది, ఇప్పుడు ఖాళీ నోటితో పంపితే ఎలా అని కంగారుపడి, దాచిన బాతును తీసి నోట్లో పెట్టి పంపాను. నేను కూడా అమాయకుడిలా డబ్బా పట్టుకొని వెనకాలే ఒడ్డు ఎక్కాను.

సాబు కప్తాన్ నోట్లోంచి బాతును తీసుకున్నాడు. మెడ వంచబోతే వంగలేదు, కట్టెలా బిగుసుకుపోయి ఉంది. సాబు తల ఎత్తి ఆకాశంలోకి చూశాడు. నేనూ చూశాను. ఆయన గురిపెట్టిన చిన్న గోధుమరంగు బాతుల గుంపు, ఒక్కటి కూడా తగ్గకుండా, తీరిగ్గా సముద్రం వైపు పోతోంది. ఆయన కాల్చింది ఒక్కదానికీ తగల్లేదు! తగలని దెబ్బకు, ఇంకో జాతి బాతు, అదీ రెండు గంటల కిందట చచ్చింది, కుక్క నోట్లో వచ్చింది. సాబు చూపు ఆకాశం నుంచి దిగి నా మీద ఆగింది. నెత్తి మీద నాచు, ఒంటినిండా బురద, మీసానికి బాతు ఈక ఒకటి. నా వీసా, అమ్మ ఉత్తరాలు, పోస్ట్‌మ్యాన్, అన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. కానీ నిజం చెబుతున్నాను, ఎక్కువ భయం వేసింది సాబు పక్కన పడి ఉన్న తుపాకీని, దాని పక్కనే తోక ఊపుతున్న కప్తాన్‌ను చూసి.

సాబు బాతును రెండు చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత కప్తాన్ తల నిమిరి, నా వైపు చూడకుండా, “ఆజ్ మేరా నిశానా బహుత్ అచ్ఛా థా... హై నా?” అన్నాడు. ఈ రోజు నా గురి చాలా బాగుంది కదూ అని.

“బహుత్ అచ్ఛా సాబ్!” అన్నాను.

ఆ తర్వాత శుక్రవారాల్లో సాబుకు ఒక కొత్త అలవాటు వచ్చింది. కప్తాన్‌ను నీళ్ళలోకి పంపగానే మడుగుకు వీపు తిప్పి నిలబడి పైపు వెలిగించుకునేవాడు. అగ్గిపుల్లలు ఒకటి తర్వాత ఒకటి గీసేవాడు. కుక్క ఒడ్డెక్కి ఒళ్ళు దులుపుకున్నాకే పైపు అంటుకునేది. ముగ్గురం ఏమీ తెలియనట్టే ఉన్నాం. ఫిబ్రవరి చివరి శుక్రవారం మాత్రం ఆయన తుపాకీ తేలేదు. రొట్టె, ఫ్లాస్కులో టీ తెచ్చాడు. ముగ్గురం ఒడ్డున కూర్చుని తిన్నాం. ఏమనుకుందో ఏమో, కప్తాన్ ఉన్నట్టుండి లేచి నీళ్ళలోకి దిగి, తుంగలో మా పాత చోటుకు పోయి, నా కోసం వెనక్కి చూస్తూ కూర్చుంది. సాబు పైపు తీశాడు. నేను నీళ్ళలో దిగి వెళ్ళాను. ఇవ్వడానికి ఏమీ లేదు. మెడలో అమ్మ ఇచ్చిన ఎర్రంచు తువ్వాల ఉంటే మడిచి నోట్లో పెట్టాను. అది తల ఎత్తుకొని ఈదుకుంటూ పోయి సాబు చేతికి ఇచ్చింది. “గుడ్ బాయ్” అన్నాడు సాబు. ఆ తువ్వాల ఆయన తిరిగి ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఏప్రిల్‌లో కప్తాన్‌ను ఓడలో పంపడానికి చెక్కపెట్టె తయారుచేసిన రోజున చూశాను, లోపల పరుపు మీద ఎర్రంచు తువ్వాల పరిచి ఉంది. పెట్టె తలుపు వేసేముందు కప్తాన్ నా ఎడమ పాదం మీద కాసేపు గదవ ఆనించింది. ఈసారి కూడా నేను కదల్లేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దగ్గర. కుడికంటికి ఆపరేషన్ అయింది, ఎడమకన్ను ఇంకా మసకే. నాన్నకు చూపు ఆనడం లేదు, ఇక ఏ పనీ చెప్పొద్దని మా అబ్బాయి ఆర్డరు వేశాడు. మా కోడలు మాత్రం రోజూ పొద్దున “మామా, జర పెరట్లకెల్లి కొత్తిమీర తెంపుకరారి” అంటుంది. నేను వంగి, తడిమి, తీరా చూస్తే చేతిలో సగం గడ్డే ఉంటుంది. అప్పుడు బట్టలు ఆరేసే వంకతో ఆమె నా పక్కగా వస్తుంది. నా చేతిలోని గడ్డి మాయమై, కొత్తిమీర కట్ట ప్రత్యక్షమవుతుంది. నాకంటే ముందే లోపలికి పోయి, మా అబ్బాయికి వినబడేలా “మామనే తెంపిండు, కండ్లు మంచిగనే కనవడ్తున్నయ్” అంటుంది. నేను ఏమీ ఎరగనట్టు తల ఎత్తుకొని, ఠీవిగా నడుచుకుంటూ పోయి, కట్టను గిన్నె పక్కన పెడతాను. తోక లేదు గానీ, ఉంటే ఊపేవాణ్ణే.