విప్పి పంపిన ఇంజన్లు

నా చిన్నప్పుడు నా చేతులు ఒకచోట ఊరుకునేవి కావు. అరబ్బు దేశంలో, మత్రా అనే రేవుపట్నంలో, సూక్ అనే పాత బజారు వెనక సందులో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అలారం గడియారం, టార్చిలైటు, అమ్మ కుట్టుమిషను, ఏది కనపడినా విప్పేసేవాణ్ణి. విప్పేటప్పుడున్న హుషారు బిగించేటప్పుడు ఉండేది కాదు. సగంలో వదిలేసి ఇంకోదాని మీద పడేవాణ్ణి. ఇంకొక్క వస్తువు పాడుచేస్తే ఏలూరు పంపి హాస్టల్లో పడేస్తానని నాన్న అప్పటికే చెప్పి ఉన్నారు.

నాన్న దూరంగా నిజ్వా అనే ఊరి దగ్గర సైట్లో పనిచేసేవారు. గురువారం సాయంత్రం వచ్చి, శుక్రవారం ఉండి వెళ్ళేవారు. ఆ గురువారం ఆయన ఒక క్యాసెట్ తేవాలి. ఆ రోజుల్లో కబుర్లన్నీ క్యాసెట్లో మాట్లాడి, సెలవు మీద వచ్చిపోయేవాళ్ళతో పంపుకునేవాళ్ళం. ఊళ్ళో అమ్మమ్మకు అంతకుముందే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇప్పుడు మాట తిరిగొచ్చిందని, తనే క్యాసెట్లో మాట్లాడిందని కబురొచ్చింది. ఆ గొంతు వినాలని అమ్మ పొద్దుట్నించీ కాలు నిలవక తిరుగుతోంది.

మధ్యాహ్నం ఆవిడ బజారుకెళ్ళగానే నేను టేప్ రికార్డర్ విప్పాను. లోపల చక్రాలెలా తిరుగుతాయో చూద్దామనుకున్నాను, చూశాను. బిగించబోతే ఏ ముక్క ఎక్కడిదో తెలియలేదు.

పక్కింట్లో ఒంటరిగా ఒక పెద్దాయన ఉండేవాడు. వాడి కబీర్ అనే పేటలో వర్క్‌షాపు ఫిట్టరు. అంతకుముందు తెలంగాణలో రైల్వే లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద పనిచేశాడు. అమ్మను చెల్లె అనేవాడు కనుక నాకు మామయ్య. ఆయన దగ్గరా మాదానిలాంటి టేప్ రికార్డరే ఉండేది. ముక్కలన్నీ తువ్వాల్లో మూటగట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"ఇంజన్ను గిట్ల మూట గట్టి తెస్తరా కొడుకా?" అన్నాడు. తిట్టలేదు. తన టేప్ రికార్డర్ తెచ్చి చాప మీద పెట్టాడు. "ముందుగాల నాది ఇప్పు."

"ఇదీ పాడైతే, మామయ్యా?"

"గప్పుడు మనిద్దర్ని గలిపి హాస్టల్ల ఏస్తరు, తియ్."

ఇంకొకరి వస్తువు, అదీ బాగా పనిచేస్తున్నది, ఆయనే చూస్తుండగా విప్పుతుంటే నా చేతులు మొదటిసారి నెమ్మదించాయి. ఆయన పక్కనే కూర్చుని, తన షెడ్డులోని పాత ఇంజన్లు పుట్టిన చోటు గురించి చెప్పాడు. స్కాట్లండులో ఓడరేవుకు దగ్గరగా ఉన్న కార్ఖానా. మొదట్లో నూలుమిల్లులకు యంత్రాలు చేసేవారట. రైళ్ళు వచ్చాక ఆ చేతులే ఇంజన్లు చేయడం నేర్చుకున్నాయి. అయితే ఆ కార్ఖానా గేటు దాకా పట్టాలే లేవు. తయారైన ఇంజన్ను బండికెక్కించి, గుర్రాలతో వీధుల్లోంచి రేవుకు లాగించేవారట. దూరదేశాలకు పంపేవాటినైతే పూర్తిగా బిగించి, నిప్పు రాజేసి, చక్రాలు తిరగడం చూసుకుని, మళ్ళీ విప్పి పెట్టెల్లో సర్దేవారు. అప్పట్లో ప్రతి ముక్కనూ పక్క ముక్కకు తగ్గట్టు ఆకురాయితో అరగదీసేవారు. ఒక ఇంజను ముక్క అదే రకం ఇంకో ఇంజనుకు పట్టేది కాదు. అందుకని విప్పేముందు, కలిసే రెండు ముక్కల మీదా ఒకే గుర్తు ఉలితో కొట్టేవారు.

"చేసినోళ్ళు అది ఉరుకుతుంటె సూడనే లేదు కొడుకా," అన్నాడు. "ఇప్పినోడు ఆడ, బిగించెటోడు ఈడ. నడిమిట్ల సముద్రం. ఆ గుర్తులు లేకుంటె ఇనుము కుప్పనే గద."

నేను కూడా ఆయన మిషను నుంచి తీసిన ప్రతి ముక్క మీద సూదితో గీత గీసి, వరసగా చాప మీద పెట్టాను. నా మూటలోని ముక్కను ఆయనదాని పక్కన పెట్టి పోల్చుకున్నాను. నేను తొందరపడినప్పుడల్లా ఆయన ఆగమన్నట్టు చాప మీద అరచెయ్యి పరిచేవాడు. సందులో ప్రతి బండి చప్పుడుకూ నాన్నేమోనని గుమ్మం వైపు చూసేవాణ్ణి. ఆయనది బిగించాం, తర్వాత మాది. ఆడించి చూసుకునే వ్యవధి లేదు. నాన్న వచ్చేశారు.

మామయ్యను కూడా కూర్చోమని, నాన్న క్యాసెట్ పెట్టారు. అమ్మమ్మ గొంతు వచ్చింది. మాట సాగుతోంది, ముద్దముద్దగా ఉంది, మధ్యలో ఆగిపోతోంది. అమ్మ నా వైపు తిరిగింది.

"దీన్నేం చేశావురా?"

విప్పానని ఒప్పుకున్నాను. నాన్న లేచారు. సరిగ్గా అప్పుడే క్యాసెట్లో అమ్మమ్మ మాట వెనక, వీధిలో పాలవాడి కేక వినిపించింది. చక్కగా, ఊళ్ళో ఎలా వినేవాళ్ళమో అలాగే. యంత్రంలో లోపం లేదని నాకు అర్థమైంది. మామయ్యకూ అర్థమైందనుకుంటాను, చెప్పొద్దన్నట్టు నా భుజం మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు. నేను ఆగలేదు.

"పాలవాడి గొంతు బాగానే ఉందిగా అమ్మా. మిషన్ది కాదు. అమ్మమ్మే అలా మాట్లాడుతోంది."

నాన్న కూర్చుండిపోయారు. హాస్టలు మాట ఆ పూటా తర్వాతా ఎవరూ ఎత్తలేదు. నేను బయటపడ్డాను. అమ్మకు మాత్రం మిషన్ పాడైందనుకునే వీలు కూడా పోయింది.

ఆవిడ ఏడవలేదు. క్యాసెట్ వెనక్కి తిప్పి, చెవి దగ్గరగా పెట్టుకుని మొదట్నించీ వింది. మళ్ళీ తిప్పింది. ఒకచోట ఆపి, "ఇక్కడ నా పేరే పిలిచింది, వదినా," అంది, ఊళ్ళో అమ్మమ్మను చూసుకునే మా అత్త ఎదురుగా కూర్చున్నట్టు. మామయ్య లేచి చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేను తాతనయ్యాను. వాడి కబీర్ ఫ్లాట్లో కూర్చుని రాస్తున్నాను, కాలు ఇంకా ఊగుతూనే ఉంది. ఆ సాయంత్రం నేను చెప్పింది నిజమే. కానీ దాన్ని అమ్మ కోసం చెప్పలేదు, నా కోసం చెప్పాను. ఆ తర్వాత కూడా తప్పు నాది కాదని తేల్చుకునే తొందరలో నా భార్య ముందు, కొడుకు ముందు ఎన్నో నిజాలు అలాగే విసిరాను. ఇవాళా అలాంటి మాట నోటిదాకా వస్తుంది. అప్పుడు భుజం మీద మామయ్య చేతి బరువు తెలుస్తుంది. ఒక్కోసారి ఆగుతాను. ఆగలేని రోజులే ఎక్కువ.