రాతి మీద మేము, ఆయన నోట మనం

మా ఎదురింటి భాయిగారు పోయారు. రిపబ్లిక్ డే ఇంకా వారం ఉందనగా, ఆస్పత్రిలోనే. కబురు వినగానే నాకు ఏడుపు రాలేదు. ఈ వయసులో వచ్చే కబుర్లన్నీ ఇలాంటివే అవుతున్నాయి.

విజయవాడ సిటీ బస్సుల్లో కండక్టరుగా చేసి రిటైరయ్యారాయన. ఎవరినీ “జరగండి” అనేవారు కాదు. “మనం కొంచెం లోపలికి జరుగుదామండీ” అనేవారు. ఆయన జరిగేదెక్కడికి, ఫుట్‌బోర్డు మీదే ఉండేవారు! అయినా నవ్వుకుంటూ జరిగేవాళ్ళం. ఆఫీసు నుంచి నేను అలిసిపోయి ఎక్కితే, “మనం అమ్మగారికి సీటిద్దామండీ” అని ఎవరో ఒకర్ని లేపేవారు. ఆ కూర్చోవడంలోని సుఖం ఇప్పటికీ మర్చిపోలేదు.

మా కాలనీ పార్కులో రాజ్యాంగానికి గుర్తుగా ఒక నల్లరాయి నిలబెట్టి, దాని మీద పీఠిక చెక్కించారు. ఏటా జెండా ఎగరేశాక దాన్ని పైకి చదివేది భాయిగారే. చిక్కల్లా మొదట్లోనే. రాతి మీద “మేము” అని ఉంటే ఆయన “మనం” అని చదివేవారు. చివర్లో బస్సును తట్టినట్టే రాతిని తట్టి, “రైట్ రైట్” అనేవారు. అప్పుడు గానీ లడ్డూల వైపు కదిలేవాళ్ళం కాదు.

“అక్కడ మేము అని ఉంది కదండీ!” అని పార్కు కమిటీ సెక్రటరీగారు విసుక్కునేవారు.

“కనబడుతూనే ఉందండీ. కానీ మేము అంటే, ఎదురుగా నిలబడ్డ మీరంతా బయటుండిపోతారు. నా నోటికి రాదండీ.”

ఒకసారి పార్కులో ఎవరో ఆయనతో “మీవాళ్ళు” అన్నారు. “మనవాళ్ళేనండీ,” అన్నారు మెల్లగా.

ఈసారి తప్పుల్లేకుండా ఉండాలని కమిటీ పీఠిక చదివిన రికార్డింగు తెప్పించింది. ఆ సంగతి ఎలా తెలిసిందో, ఆస్పత్రి మంచం మీద నన్నడిగింది అదొక్కటే.

“ఈసారి నన్ను చదవమనరా అమ్మా?”

“సెక్రటరీగారితో నేను మాట్లాడతాలెండి,” అన్నాను. మాట్లాడాను కూడా. ఆయన చూద్దామన్నారు. ఈలోగా అంతా అయిపోయింది.

మొన్న జెండా ఎగిరింది. స్పీకరులో ఎవరిదో చక్కటి గొంతు “మేము” అంటూ అక్షరం పొల్లుపోకుండా చదివి ఆగిపోయింది. లడ్డూల డబ్బా మూత తీశారు. ఎవరూ కదల్లేదు. అందరం రాయి వైపే చూస్తున్నాం.

చివరికి సెక్రటరీగారే వెళ్ళి రాతి మీద అరచెయ్యి పెట్టారు. తట్టలేకపోయారు.

“మనం…” అన్నారు. చెయ్యి అలాగే రాతి మీద ఉండిపోయింది.