షట్టరు కింద జాకీ

మా క్యాన్సర్ వార్డులో నర్సులందరం ఆమెను పంక్చరక్క అనేవాళ్లం. బస్సులు తిరిగే మలుపులో టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు ఆమెది. భర్త పోయాక ఆ పని తానే నేర్చుకుంది. లారీ టైరును ఒంటిచేత్తో దొర్లించుకుపోయే మనిషి. తనకు హెచ్‌ఐవీ ఉందని ఎనిమిదేళ్లుగా తెలుసు. ఎవరికీ చెప్పకుండా రోజూ మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చింది. మెడ మీద గడ్డ లేచి, లింఫోమా అని తేలాక మా దగ్గరికి వచ్చింది.

మొదటి విడత కీమో ఎక్కించి ఇంటికి పంపితే తొమ్మిదో రోజున వణుకుతూ తిరిగొచ్చింది. రెండో విడతకూ అంతే. ఈ రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్లలో చాలామందికి ఈ తిరుగుడు తప్పదు. “ఒళ్లు వేడెక్కిందంటే గంట కూడా ఆగొద్దమ్మా. తెల్లకణాలు లేనప్పుడు చిన్న పుండు కూడా ప్రాణం తీస్తుంది” అని డాక్టరు ప్రతిసారీ చెప్పేవాడు.

“నాకిది పుట్టిల్లయిపోయింది సార్. రావద్దన్నా వస్తా” అనేది.

మూడో విడత అయిన ఆరో రోజు మధ్యాహ్నం ఆమె ఒళ్లు కాలిపోసాగింది. కొట్టు వెనకగదిలో ఆసుపత్రి కాగితాల కోసం వెతుక్కుంటుంటే, పక్క వాటాలో ఉండే అన్న వచ్చాడు. కాగితాలు అతని చేతిలోనే ఉన్నాయి. పొద్దున ఆమె నిద్రలో ఉండగా తీసుకెళ్లి చదివాడు.

“ఎన్నాళ్లయిందే ఇది? మా కంచాల్లో తింటూ, నా పిల్లల్ని ఎత్తుకుంటూ...”

“ఎత్తుకుంటే అంటదన్నయ్యా. డాక్టర్ని అడుగు.”

“డాక్టరంట!”

చెంప పగలగొట్టాడు. ఆమె బల్లకు గుద్దుకుని పడింది. పడ్డదాన్ని డొక్కలో, వీపు మీద, మళ్లీ డొక్కలో తన్నాడు. కీమోతో అప్పటికే రక్తాన్ని గడ్డకట్టించే కణాలు తగ్గిపోయిన ఒళ్లది. తన్నిన చోటల్లా నల్లగా కమిలింది. ముక్కులోంచి కారిన రక్తం ఆగలేదు. ట్యూబులు ముంచి చూసే నీళ్లతొట్టిలో ఆమె మాత్రలన్నీ గుమ్మరించాడు.

“ఇంకోసారి ఆసుపత్రికెళ్తే వీధి వీధంతా నా మొహాన ఉమ్ముద్ది. ఇక్కడే చావు!”

బయటికెళ్లి షట్టరు దించి తాళం వేశాడు.

గంటసేపు ఆమె నేల మీదే పడి ఉంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తర్వాత పాక్కుంటూ వెళ్లి, లారీలెత్తే జాకీని ఈడ్చుకొచ్చింది. షట్టరుకు లోపలివైపున్న ఇనుప పట్టీ కింద దాని తల ఆనించి పిడి కొట్టడం మొదలుపెట్టింది. కొట్టిన ప్రతిసారీ డొక్కలో కత్తి దిగినట్టుండేదట. చివరికి తాళం కొక్కెం ఫట్టున ఊడి, షట్టరు మోకాలెత్తు లేచింది.

ఆ చప్పుడుకు అన్న పరుగెత్తుకొచ్చాడు. సందులోంచి బయటపడుతున్న ఆమె గొంతు పట్టుకుని నులిమాడు. ఆమె చేతికి టైర్లు విప్పే రాడ్డు తగిలింది. మోకాలి చిప్ప మీద కొట్టింది. ఒకటి కాదు, మూడు దెబ్బలు. అతను అరుస్తూ కూలిపోయాడు.

వదిన గుమ్మంలో నిలబడి అంతా చూసింది. మొగుడి దగ్గరికి పోలేదు. ఆటో ఆపి, “ఎక్కవే తల్లీ” అని ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుంది.

స్ట్రెచర్ మీద తెస్తే నేనామెను గుర్తుపట్టలేదు. నూట నాలుగు జ్వరం, విరిగిన రెండు పక్కటెముకలు, రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్. మూడో రోజుకు కళ్లు తెరిచి, “వాడి కాలు విరిగిందా?” అంది.

“విరిగింది. కింద ఎముకల వార్డులో ఉన్నాడు” అన్నాను.

“బాగయింది.”

ఆ గొంతులోని కసికి నాకే భయమేసింది. కాసేపటికి గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది. చిన్నప్పుడు ఆమెకు సైకిలు తొక్కడం నేర్పింది ఆ అన్నేనట.

పోలీసులొచ్చి అడిగితే దాచలేదు. “నేనే కొట్టా. మళ్లీ గొంతు పట్టుకుంటే మళ్లీ కొడతా, రాసుకోండి” అంది. కేసు మాత్రం అన్న మీదే పెట్టారు.

మిగిలిన మూడు విడతలూ వదినే దగ్గరుండి ఎక్కించింది. మధ్యలో మరో రెండుసార్లు జ్వరంతో చేర్చాల్సి వచ్చింది. ఆఖరి స్కానులో గడ్డ ఆనవాలు లేదు. వదిన పిల్లల్ని తీసుకుని ఆమె దగ్గరికే వచ్చేసింది. ఇద్దరూ కలిసి వేరే రోడ్డులో కొట్టు పెట్టుకున్నారు.

జైలు నుంచి వచ్చాక అన్న ఒకసారి కుంటుకుంటూ అక్కడికి వెళ్లాడట. ఆమె తలెత్తలేదు. “వదిన లోపలుంది. మాట్లాడతానంటే మాట్లాడు. నా దగ్గరికి మాత్రం రాకు” అందట. అతను ఎవరినీ పిలవకుండానే వెళ్లిపోయాడట.