బస్రాలో పగ్గాల్లేని బండి

మార్కాపురం గనుల నుంచి రైలు స్టేషన్‌కు పలకరాయి తోలే బండివాళ్లలో మాలకొండయ్యంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడు. ఎడ్లను కొట్టడు, తిట్టడు. పగ్గాలు ఒక్కసారి తన వైపు గుంజితే చాలు, ఎంత దిగుడులో ఉన్నా ఆ జోడు ఆగిపోయేది. కంభం దాటి లోకం చూడాలన్న ఆశ అతనికి ఏనాడూ లేదు. అలాంటి మనిషి సముద్రం దాటి, ఇరాకు దేశంలో బస్రా అనే ఊళ్లో, మోటారు సైకిలు మీది నుంచి బొక్కబోర్లా పడ్డాడంటే ఎవరు నమ్ముతారు? పడ్డాడు. అదీ ఒకసారి కాదు.

దీనికంతటికీ మూలం అతని బావమరిది ఆదినారాయణ. పలకలు నున్నగా అరగదీసే పనివాడు, చురుకైనవాడు, ఒకచోట కాలు నిలవనివాడు. జర్మనీ యుద్ధం రోజుల్లో పటాలంలోకి మనుషుల్ని చేర్చుకునేవాళ్లు మార్కాపురం వస్తే, ఇంట్లో మాటైనా చెప్పకుండా పోయి పేరిచ్చి వచ్చాడు. అతని తల్లి గురమ్మ గుండెలు బాదుకుంది. బతిమాలింది, అన్నం మానేసింది. వాడు వింటేగా! ఆఖరుకు ఆమె అల్లుడి దగ్గరికి వచ్చింది. గురమ్మ మాలకొండయ్యకు పిల్లనిచ్చిన అత్తే కాదు, సొంత మేనత్త కూడా. తల్లి లేని అతన్ని చిన్నప్పటి నుంచి సాకింది ఆమే. అతని చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది.

"నువ్వు గూడా పో కొండయ్యా. వాడు యాడుంటే నువ్వాడుండు. వాణ్ణి ఒంటిగా ఇడిసిపెట్టమాక."

కొడుకును ఆపలేక అల్లుణ్ణి కూడా సాగనంపే తల్లిని ఏమనాలి? మాలకొండయ్య భార్య కృష్ణమ్మకూ అర్థం కాలేదు. అటు తమ్ముడు, ఇటు మొగుడు. ఎవరి కోసం ముందు ఏడవాలో తెలియక ఇద్దరికీ కలిపి ఏడ్చింది. మాలకొండయ్య ఎడ్లను అన్నకు అప్పగించి పటాలంలో చేరాడు.

బస్రాలో వాళ్ల పని ఓడల మీది సరుకు దింపడం, రోడ్లు వెయ్యడం. ఎండకు మన పుల్లలచెరువు ఎండ చిన్నబోవాల్సిందే. అయినా బావా బావమరుదులిద్దరిదీ ఒకే గుడారం, ఒకే పని. వాడు తింటుంటే చూసి, వాడు పడుకున్నాక పడుకునేవాడు మాలకొండయ్య. అత్తకిచ్చిన మాట చెల్లుతోంది కదా, ఇంకేం కావాలి?

అంతలో వాళ్ల దొరకు ఒక మనిషి అవసరమయ్యాడు. మోటారు సైకిలు మీద కబుర్లు మోసే మనిషి. ఎంచే పని హవల్దారు యోసేపు మీద పడింది. యోసేపుది కనిగిరి. ఎడ్లను అదుపు చేసినవాడు దేనికీ బెదరడని అతని లెక్క. మాలకొండయ్యను పిలిచి ఎక్కమన్నాడు. పటాలంలో "నేను రానండీ" అనే మాట ఉండదు. ఎక్కాడు.

యోసేపు అంతా విడమరిచి చెప్పాడు. కుడిచేతి పిడి తన వైపు తిప్పితే వేగం, అవతలికి తిప్పితే నెమ్మది. మాలకొండయ్య బుద్ధిగా తలూపాడు. బండి కదిలింది. ఎదురుగా ఖర్జూరపు చెట్టొచ్చింది. ఆపాలి. ఆపాలంటే ఏం చెయ్యాలి? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ చేతులకు తెలిసింది ఒక్కటే. గట్టిగా తన వైపు గుంజాడు. బండి రంకె వేసి చెట్టు మీదికే పోయింది.

లేచాడు, దుమ్ము దులుపుకున్నాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ గుంజాడు, మళ్లీ పడ్డాడు. ఇదెక్కడి చోద్యం? ఆపబోతే పరిగెత్తే బండి లోకంలో ఉంటుందా? నోటితో "హో, హో" అని కూడా అదిలించి చూశాడు. చూస్తున్నవాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు. ఆదినారాయణకు మాత్రం తల కొట్టేసినట్టయింది. రోజూ పని కాగానే వచ్చి పక్కన నిలబడి, బావ చెయ్యి ఎక్కడ తప్పుతోందో కన్నార్పకుండా చూసేవాడు.

కొన్నాళ్లకు చేతులు మాట వినసాగాయి. ఒక ఉదయం బండి సరిగ్గా అనుకున్నచోట ఆగింది. మాలకొండయ్య తన కళ్లను తనే నమ్మలేకపోయాడు. యోసేపు వీపు తట్టి, ఇంకొంచెం కుదిరితే బాగ్దాదు పంపిస్తారనీ, పెద్ద కచేరీలో ఉద్యోగమనీ, అదృష్టవంతుడివనీ అన్నాడు. మరి ఆదినారాయణో అని అడిగాడు మాలకొండయ్య. వాడికక్కడ ఏం పనయ్యా అని నవ్వాడు యోసేపు.

ఆ సాయంత్రం మాలకొండయ్య మళ్లీ పడ్డాడు. మర్నాడూ పడ్డాడు.

కావాలనే పడ్డాడా? అదే అతనికీ తెలియదు. బండి ఎక్కేటప్పుడు పడాలని అనుకునేవాడు కాదు. పడకూడదనీ అనుకునేవాడు కాదు. నేర్చుకుంటే అత్త మాట తప్పినట్టు. నేర్చుకోకపోతే పదిమందిలో నవ్వులపాలు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇన్ని ఆలోచనలు బుర్రలో తిరుగుతుండగా చెట్టు దగ్గరికొచ్చేది, చెయ్యి ఎటో తిరిగేది, మనిషి నేల మీదుండేవాడు. బావమరిదికి ఈ సంగతి చెబుదామా అనుకున్నాడు. చెబితే, "నాకు కాపలా ఉండావా?" అని వాడు మండిపడతాడని ఊరుకున్నాడు. అక్కడే పొరపాటు చేశాడు మహానుభావుడు.

చివరికి దొర విసుక్కున్నాడు. ఇంకెవరికైనా చేతనవునా అని యోసేపు అడిగాడు. ఆదినారాయణ ముందుకొచ్చాడు. వాడికి బండి వస్తే బాగ్దాదు పోయేది వాడే. మాలకొండయ్య వాడొద్దు సార్, వాడికి తెలీదు అని అడ్డం పోయాడు. తను తినడు, ఇంకొకణ్ణి తిననివ్వడు అని అందరూ ఎకసెక్కాలాడారు. ఆదినారాయణ ఎక్కాడు. ఆ చేతులు ఎప్పుడూ పగ్గాలు పట్టినవి కావు, వాటికి పాత అలవాటేదీ లేదు. మైదానం చుట్టూ ఒక చుట్టు చుట్టి, దొర ముందుకొచ్చి ఆగాడు.

"బావా, మన పరువు నిలబెట్టినా," అన్నాడు నవ్వుతూ.

ఆ వారమే వాణ్ణి బాగ్దాదు పంపించారు. తననూ పంపమని మాలకొండయ్య యోసేపు కాళ్లు పట్టుకున్నాడు. నీకు బండే రాదు కదయ్యా అన్నాడు యోసేపు.

యుద్ధం ముగిశాక మార్కాపురం స్టేషన్‌లో మాలకొండయ్య ఒక్కడే రైలు దిగాడు. ఆదినారాయణ మోటారు సైకిలు లారీ కింద పడిన కబురు అప్పటికే ఇల్లు చేరి చాలాకాలమైంది. గురమ్మ అరవలేదు, తిట్టలేదు. అల్లుణ్ణి కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పమంది. అతను ఏదీ దాచుకోకుండా చెప్పాడు. ఆమె అతని చేతుల వైపే చూసింది.

"నేను నీ దగ్గర మాట తీసుకోకపోయుంటే, ఆ బండి నీకు వచ్చుండేదా కొండయ్యా?"

వచ్చుండేదంటే, మాట తీసుకుని కొడుకును చంపుకున్నది ఆమె. రాదంటే, చేతకాక వాణ్ణి చంపుకున్నది తను. మాలకొండయ్య నోరు తెరిచాడు. ఏ మాట నిజమో అతనికి ఇప్పటికీ తెలియదు.

"రాదత్తా," అన్నాడు. "నా చేతులకు ఆ బండి వచ్చేది గాదు."