చాచా నా సైకిల్‌కు పెట్టిన ఇంజన్

మొన్న గురువారం పొద్దున బడికి బయలుదేరి బస్టాండు దాటుతుంటే, చాయ్ హోటల్ ఆయన రోడ్డు మీదికి వచ్చి నా మోపెడ్ ఆపాడు. "టీచరమ్మా, మిస్త్రీ చాచా నిన్న పొద్దుగూకినంక పోయిండు. జనాజా పదింటికట" అన్నాడు. బండి దిగి అక్కడే నిలబడిపోయాను. డెబ్బై దాటిన మనిషి. మంచాన పడలేదు, ఎవరిచేతా చేయించుకోలేదు. నమాజ్ చేసుకుని, చాయ్ తాగి, నడుం వాల్చి అట్లాగే పోయారట. అంత సులువైన చావు ఎందరికి దొరుకుతుంది? అయినా నాకు ఏడుపు ఆగలేదు.

జహీరాబాద్ వాళ్లకు ఆయన్ను పరిచయం చేయనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. బొంబాయి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో చాచా సైకిళ్లు బాగుచేసేవారు. సైకిల్ తీసుకుపోతే "ఏమైంది?" అని అడిగేవారు కాదు. "తొక్కు, నేను చూస్త" అనేవారు. మనం తొక్కుతుంటే భుజాన తువ్వాలతో వెనకాలే నాలుగడుగులు నడిచి, తల పక్కకు వంచి వినేవారు. "సైకిల్‌కు ఏం గాలే. నువ్వే కుడిదిక్కు వంగి కూసుంటున్నవ్" అని తిట్టి పంపిన వాళ్లూ ఉన్నారు. టైర్లలో గాలి లేకుండా వస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "కడుపుల బువ్వ లేకుంటే నువ్వు నడుస్తవా?" ఊళ్లో ఆ చీవాటు తినని వాళ్లు లేరు. సైకిల్ తిరిగి చేతికిచ్చే ముందు తువ్వాలతో సీటు తుడిచేవారు. తహసీల్దారుకైనా, గడ్డిమోపులు మోసుకుపోయే మనిషికైనా అదే తుడుపు.

ఇక నా సంగతి. ఝరాసంగం వైపు పది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరి బడిలో నేను టీచర్ని. అప్పట్లో ఆ ఊరికి బస్సు మధ్యాహ్నం ఒక్కసారే వచ్చేది. మొదటి జీతాలతో కొనుక్కున్న లేడీస్ సైకిల్ మీదే పోయేదాన్ని. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, వేసుకోనీ అనుకున్నాను. కానీ రెండో కాన్పు తర్వాత ఒళ్లు మాట వినడం మానేసింది. సగం దారికే ఆయాసం. ఒకే నెలలో మూడుసార్లు లేటయ్యాను. పెద్దసారు రిజిస్టరు మూసి, "ఇంకొక్కసారి లేటయితే పైకి రాయక తప్పదమ్మా" అన్నారు. ఇంట్లో మా ఆయన, "ఎందుకీ తిప్పలు? మానెయ్యరాదూ" అన్నారు. ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ ఉద్యోగం నాకు ప్రాణం. మా వంశంలో నెల జీతం తెచ్చిన మొదటి ఆడదాన్ని నేను. ఆయాసం వచ్చిందని వదిలేస్తానా?

ఉన్న దార్లు రెండే. సైకిల్ ముందు చక్రం మీద బిగించే చిన్న పెట్రోలు ఇంజన్ ఒకటి హైదరాబాద్‌లో దొరుకుతోంది. లేదంటే తయారుగా వచ్చే మోపెడ్. "డబ్బు పెడితే కొత్త బండికే పెట్టు, అతుకుల బొంత మనకెందుకు?" అన్నారు మా ఆయన. నాకేమో నా సైకిల్ మీద మమకారం. చాచాను అడిగాను. ఆ ఇంజన్ మాట వినగానే ఆయన మొహం వెలిగిపోయింది. పట్నంలో ఎవరి సైకిల్‌కో చూసి వచ్చారట, తన చేత్తో ఒకటి బిగించాలని ఎప్పటినుంచో ఆశట. "తే బేటీ, నేను పెడ్త. నీ సైకిల్ నీకే ఉంటది, కాళ్లకు పని తప్పుతది" అన్నారు. ఇద్దరం ఇద్దరమే, ఒకరి ఆశకు ఒకరు తోడయ్యాం.

రెండు రోజులు వేరే పని ముట్టుకోకుండా బిగించారు. ఇంజన్ కింద ఒక రోలర్ ఉంటుంది. అది టైరును ఒరుసుకుని తిరిగితే చక్రం తిరుగుతుంది. ఎప్పటిలాగే, "తొక్కు, నేను చూస్త" అన్నారు. బొంబాయి రోడ్డు మీద నేను రివ్వున పోతుంటే, నడవడం మాని పరుగెత్తుకొచ్చారు. అబ్బ, ఆ మూడు వారాలు! గంట కొట్టకముందే బళ్లో ఉండేదాన్ని. పెద్దసారు గడియారం చూసి నన్ను చూసేవారు.

నాలుగో వారం వాన పట్టింది. మా ఊరు దాటితే అంతా మట్టి బాటే. టైరుకు బురద పట్టగానే రోలర్ జారడం మొదలైంది. ఇంజన్ మోతే తప్ప చక్రం కదలదు. పైగా ఆ ఇనుప బరువుతో తొక్కడం నావల్ల కాలేదు. అయిదు కిలోమీటర్లు తోసుకుంటూ పోయాను. పెద్దసారు తెల్ల కాగితం తీసి బల్ల మీద పెట్టుకున్నారు. "రేపు రాస్తాను" అన్నారు.

సాయంత్రం చాచా షెడ్డు ముందు సైకిల్ పడేసి, నోటికొచ్చినట్టు తిట్టాను. నాకు నోరెక్కువని మా అత్త అంటుంది, అబద్ధమేమీ కాదు. "మీ ఇంజన్ పాడుగాను! మీ సరదాకు నా నౌకరీ పోతుంది" అన్నాను. తండ్రి వయసు మనిషి. వంగి, టైరుకు పట్టిన బురదను వేలితో గీకి చూస్తూ ఉండిపోయారు.

మరునాడూ వానే. మా ఆయన పొద్దున్నే తన సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని, దారంతా సణుగుతూ నన్ను దింపిపోయారు. పదకొండు గంటలప్పుడు చాచా వచ్చారు. షెడ్డు మూసేసి, నా సైకిల్‌నే, అదే ఇంజన్‌తో, అదే బాటలో తెచ్చారు. తల నుంచి కాలిదాకా బురద. సైకిల్ తోసుకుంటూ మా బడి ముందుకొచ్చి, చెప్పులు కిందే విడిచి మెట్లెక్కారు. నేను పాఠం ఆపేశాను.

"సార్, గలతీ నాది. టీచరమ్మది గాదు" అన్నారు పెద్దసారుతో. "మనిషి ఎట్ల తొక్కుతదో చూసిన. సైకిల్ ఎట్లుందో చూసిన. తొవ్వ చూడలే. ఇయ్యాల చూసిన, నా ప్రాణం మీదికొచ్చింది. ఈమె నాలుగేండ్ల సంది గీ తొవ్వల వస్తున్నది సార్. రాసుడైతే జర గది గూడ రాయుండ్రి."

పెద్దసారు ఆయనను కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. ఆ కాగితం మళ్లీ సొరుగులోకి పోయింది.

ఆ ఆదివారం మోపెడ్ కోసం మా ఆయనా నేనూ సంగారెడ్డి పోతే చాచా కూడా వచ్చారు. దుకాణదారు బండి స్టార్టు చేసి చూపించబోతే ఆపేశారు. "బందు జెయ్. బేటీ, ఇప్పుడు తొక్కు. ఇప్పుడు దిగి తొయ్యి. ఇప్పుడు స్టాండు మీదికి గుంజు." దుకాణదారు నవ్వాడు. "కొత్త బండి ఎందుకాగుతది చాచా?" "ఆగదని నువ్వు కాయితం రాసిస్తవా?" అని ఆయన గద్దించి, నా వైపు తిరిగారు. "నడిచేటప్పుడు అన్నీ మంచిగనే ఉంటయ్. ఆగినంక నీతోని ఐతదా, గది చూస్కో." పదిసార్లు గుంజించారు. పదోసారికి నాతో అయింది. అప్పుడు గాని కొననివ్వలేదు.

నా సైకిల్ నుంచి ఇంజన్ విప్పి, మునుపటిలాగే చేసి ఇచ్చారు. తర్వాత కూడా ఎందరికో అలాంటి ఇంజన్లు బిగించారు, తారు రోడ్డు మీద తిరిగేవాళ్లకు అవి ఇప్పటికీ బాగానే నడుస్తున్నాయి. కానీ ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న మారిపోయింది. "ముందుగాల నువ్వు పోయే తొవ్వ చెప్పు" అనేవారు. అనుమానం వస్తే వాళ్లతో ఆ దారిన పోయి చూసి వచ్చేవారు. నా నోటిదురుసుకు ఒకరోజు క్షమాపణ చెప్పబోతే, "నువ్వు తిట్టకుంటే నేను నేర్వకపోదును" అని నవ్వేశారు.

గురువారం పదింటికి రోడ్డు పక్కన నిలబడ్డాను. భుజాల మీద పోతున్న జనాజా వెనక మనుషులు సైకిళ్లు పట్టుకుని నడుస్తున్నారు, ఒక్కరూ ఎక్కలేదు. ముప్పై నలభై సైకిళ్ల చక్రాల చిటచిట తప్ప ఇంకేమీ వినపడలేదు. వెనకొచ్చిన లారీలు కూడా హారన్ కొట్టలేదు. అంతా దాటిపోయాక బండి తీశాను.

ఎనిమిదేళ్లలో మొదటిసారి లేటుగా బడి మెట్లెక్కాను. ఈ ఏడే రిటైరవబోతున్న అదే పెద్దసారు రిజిస్టరు నా ముందుకు జరిపారు. పదకొండూ ఇరవై అని టైము వేశాను. కారణం దగ్గర పెన్ను ఆగింది. "తొవ్వ బాగలేదని రాయుండ్రి, ఎవరడుగుతరు?" అన్నారు మెల్లగా.

"తొవ్వ మంచిగనే ఉండె సార్" అన్నాను. "మా సైకిల్ మిస్త్రీని సాగనంపి వచ్చాను" అని రాశాను.

సారు కళ్లద్దాలు పెట్టుకుని అది రెండుసార్లు చదివారు. ఆ రోజు బురదకాళ్లతో ఈ గదిలోకి వచ్చిన మనిషిని ఆయనా చూశారు కదా. నా చేతిలో పెన్ను తీసుకుని, నేను రాసిన దాని కింద తన సంతకం పెట్టారు.